ఫౌంటెన్ పెన్ను సిరాను పరీక్షించడం: రంగు, నడక, విలువ

సిరా బుడ్డి కొనేటప్పుడు చాలామంది చూసేది రంగు ఒక్కటే. అది కూడా ఫొటోలోనో, అట్టపెట్టె మీది ముద్రలోనో. తీరా పెన్నులో నింపి రాస్తే ఆ రంగు కనబడదు. కనబడినా అక్షరాల అంచులు పాకిపోతాయి. అంచులు బాగున్నా మర్నాడు మూత తీసేసరికి పెన్ను పలకదు. ఇందులో సిరా దోషం ఎంత, పెన్ను దోషం ఎంత, కాగితం దోషం ఎంత అన్నది తేల్చుకోకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు. పాళీ, కాగితం, చేతి వేగం, గాలిలోని తేమ కలిసినప్పుడే సిరా స్వభావం బయటపడుతుంది. కనుక పరీక్ష అంటే మిగిలినవాటిని కదలకుండా ఉంచి, సిరాను మాత్రమే మార్చి చూడటం. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఓపిక, శుభ్రత, కొన్ని వారాల వ్యవధి ఉంటే చాలు.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

అన్ని సిరాలనూ ఒకే పెన్నుతో పరీక్షించాలి. మధ్యరకం వెడల్పు ఉన్న ఉక్కు పాళీ, తేలికగా విప్పి కడగగల కన్వర్టర్ (బుడ్డి నుంచి సిరా లాగి నింపుకునే చిన్న గొట్టం) ఉన్న పెన్ను ఇందుకు అనువైనది. పారదర్శకమైన పెన్నులో సిరా కదలిక చక్కగా కనబడుతుంది గాని, గుణం తెలియని సిరాను అందులో మొదటిసారే నింపకూడదు, ఎందుకంటే కొన్ని గాఢమైన నీలాలు, ఎరుపులు ప్లాస్టిక్‌కు పట్టుకుని ఎన్ని నీళ్లు పోసినా వదలవు. పెన్నును కడిగిన తరువాత పాళీని మెత్తని కాగితంలో చుట్టి రాత్రంతా నిలువుగా ఉంచితే నాలుకలో, అంటే పాళీ కింద ఉండి దానికి సిరా అందించే గాడుల ముక్కలో, మిగిలిన నీరు దిగిపోతుంది. అప్పటికీ తొలి పేజీ రాతను లెక్కలోకి తీసుకోవద్దు. నాలుకలో మిగిలిన కొద్దిపాటి తేమ సిరాను పలచన చేసి, రంగునూ పారుదలనూ రెంటినీ తప్పుగా చూపిస్తుంది.

కాగితాలు రెండు రకాలు కావాలి. ఒకటి సిరాను పైనే నిలబెట్టేది: టోమోయ్ రివర్ 52 గ్రాముల (చదరపు మీటరు బరువు) కాగితం గాని, రోడియా 80 గ్రాముల కాగితం గాని సరిపోతుంది. రెండవది రోజూ ఆఫీసులో వాడే మామూలు ప్రింటర్ కాగితం. మంచి కాగితం సిరా అందాన్ని చూపిస్తే, మామూలు కాగితం దాని క్రమశిక్షణను చూపిస్తుంది. ఒక్క మంచి కాగితం మీదే పరీక్షించి మెచ్చుకున్న సిరా తరువాత రోజువారీ పనిలో నిరాశపరచడం చాలా తరచుగా జరిగే విషయం.

వీటన్నిటికంటే ముఖ్యమైనది, పోల్చి చూడటానికి బాగా తెలిసిన ఒక పాత సిరా. చాలాకాలంగా వాడుతూ, దాని నడక చేతికి అలవాటైనది ఏదైనా ఫరవాలేదు. వాటర్‌మన్ నీలం ఇబ్బంది పెట్టని సిరాగా పేరు పడింది కాబట్టి చాలామంది దాన్నే కొలమానంగా పెట్టుకుంటారు. పెలికాన్ 4001 వరుసలోని సిరాలు కాస్త పొడిగా, అంటే తక్కువగా, పారతాయని, పైలట్ ఇరోషిజుకు సిరాలు తడిగా, అంటే ధారాళంగా, పారతాయని వాడేవారిలో స్థిరపడిన అభిప్రాయం. కొత్త సిరా ‘తడిగా ఉంది’ అని మాత్రమే రాసుకుంటే ఏడాది తరువాత ఆ మాటకు అర్థం ఉండదు; ‘నా పాత నీలం కంటే తడిగా ఉంది’ అని రాసుకుంటే ఎప్పటికీ ఉంటుంది.

రంగును చూడటం

దూదిపుల్లతో కాగితం మీద పూసిన మరకను చూసి రంగును నిర్ణయించడం అతి సాధారణమైన పొరపాటు. దూదిపుల్ల వదిలే సిరా, సన్నపాళీ వదిలే సిరా కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పూతలో నిండు నెమలికంఠం రంగుగా కనిపించినది సన్నగీతలో మామూలు ముదురాకుపచ్చగా మారవచ్చు. పూతలో లేత గులాబీగా మురిపించినది గీతగా రాస్తే చదవడానికే కష్టం కావచ్చు. అందుచేత ఒకే కాగితం మీద మూడు విధాలుగా చూడాలి: దూదిపుల్లతో ఒక పూత, విడి పాళీని ముంచి రాసిన ఒక వాక్యం, నింపిన పెన్నుతో రాసిన ఒక పేరా. ముంచి రాసినప్పుడు కూడా గీత పెన్ను గీత కంటే ముదురుగానే వస్తుంది. మీరు రోజూ చూడబోయేది మూడవదాన్ని కనుక తీర్పు దాని మీదే ఇవ్వాలి.

తడి రంగు వేరు, ఆరిన రంగు వేరు. చాలా సిరాలు ఆరేటప్పుడు కొంత వెలసినట్టవుతాయి. కొన్ని మరో ఛాయకే జరుగుతాయి. ఐరన్ గాల్ సిరాల సంగతి ఇంకా ప్రత్యేకం. వాటిలో ఇనుప లవణం, గాలిక్ లేదా టానిక్ ఆమ్లం కలిసి ఉంటాయి. రాసిన క్షణంలో కంటికి కనబడేది ఎక్కువగా అందులో కలిపిన అద్దకం రంగు మాత్రమే. గాలి తగిలి ఇనుము ఆక్సీకరణ చెందిన కొద్దీ కాగితపు పీచులోనే నల్లని, నీటిలో కరగని పదార్థం ఏర్పడుతుంది. గంటలు, రోజులు గడుస్తుంటే లేత నీలం గీత నలుపు వైపు తిరగడం చూడటానికి ఎంతో బాగుంటుంది. ప్లాటినమ్ బ్లూబ్లాక్, రోరర్ క్లింగ్నర్ సాలిక్స్ ఈ కోవకు చెందినవి. ఇటువంటి సిరా రంగు గురించి వారం గడిచేదాకా ఏమీ అనకపోవడమే సరి.

వెలుతురు మరొక మోసగాడు. పగటి వెలుగులో బూడిదగా కనిపించే సిరా, పసుపు దీపం కింద గోధుమ ఛాయ తిరగవచ్చు. రెండు నీలాలు ఒక దీపం కింద కవలల్లా కనబడి, కిటికీ దగ్గర విడిపోవచ్చు. కాబట్టి ఎండ నేరుగా పడని పగటి వెలుతురులో ఒకసారి, మీరు సాయంత్రాలు రాసుకునే దీపం కింద ఒకసారి చూడండి. ఫొటో తీసి దాచుకునేవారు సిరాతో పాటు ఏమీ రాయని తెల్లకాగితపు ముక్కను కూడా అందులో పడనివ్వాలి. తెలుపు తెల్లగా రాని ఫొటోలో నీలం నీలంగా ఉందని నమ్మడానికి ఆధారమేమీ ఉండదు.

ఇక రంగుకు ఉండే అదనపు సొగసులు. ఒకే గీతలో లేత, ముదురు ఛాయలు రావడాన్ని ఛాయాభేదం అందాం. గీత చివర సిరా నిలిచిన చోట ముదురుగా, పాళీ వేగంగా జారిన చోట లేతగా ఆరడం వల్ల ఇది కలుగుతుంది. తెలుగు అక్షరాలు గుండ్రనివి కనుక సున్న తిరిగి మూసుకునే చోట, కొమ్ము ముగిసే చోట ఇది ముచ్చటగా కనిపిస్తుంది. నిగ్గు అన్నది వేరు: అద్దకం మోతాదు బాగా ఎక్కువైన సిరా కాగితంలోకి ఇంకకుండా పైన పొరలా ఆరినప్పుడు, ఆ పొర మరో రంగు కాంతిని వెనక్కి పంపుతుంది. నీలం మీద ఎర్రని నిగ్గు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. పీల్చుకునే కాగితం మీద ఈ నిగ్గు రాదు. అంతకంటే ముఖ్యంగా, పైన నిలిచిన ఆ పొర వేలి చెమట తగిలితే నెలల తరువాత కూడా అంటుకుంటుంది. నిగ్గు ఎంత ఎక్కువైతే ఈ ఇబ్బంది అంత ఎక్కువ. తళుకు సిరాలలో అతి సన్నని మెరుపు రేణువులు కలిపి ఉంటాయి; అవి అడుగుకు పేరుకుంటాయి కనుక బుడ్డిని కదిపి నింపాలి, పెన్నును తరచుగా కడగాలి.

రంగు ఎలా తయారైందో తెలుసుకోవాలనుకునేవారికి చిన్న ప్రయోగం ఒకటి ఉంది. కాఫీ వడపోత కాగితాన్ని సన్నని ముక్కగా కత్తిరించి, అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తులో ఒక సిరా చుక్క పెట్టి ఆరనిచ్చి, అడుగు అంచు మాత్రమే నీటిలో తగిలేలా వేలాడదీయాలి. నీరు పైకి పాకుతూ ఒక్కో అద్దకాన్ని ఒక్కో దూరానికి మోసుకుపోతుంది. నలుపు అనుకున్నది ఊదా, పసుపు, నీలం పట్టీలుగా విడిపోవడం కనబడుతుంది. చుక్క పెట్టిన చోటే కదలకుండా మిగిలిపోయిన రంగు ఏదైనా ఉంటే, ఆ సిరాతో రాసిన రాత నీటికి తడిసినా ఏ రంగులో మిగులుతుందో అది ముందుగానే చెబుతుంది.

నడకను చూడటం

సిరా నడక అంతా ఒక తూకం. నాలుకలోని సన్నని గాడుల గుండా, పాళీ చీలిక గుండా సిరాను కాగితం దాకా తెచ్చేది కేశనాళికా శక్తి. సిరా తలతన్యత (ద్రవపు పైపొర బిగువు) ఎక్కువైతే అది పొడిగా పారుతుంది. మరీ తక్కువైతే ధారాళంగా పారి, కాగితపు పీచు వెంట కూడా అదే ఉత్సాహంతో పాకిపోతుంది. తయారీదారులు కలిపే పదార్థాలు ఈ రెంటి మధ్య ఒక చోటు వెతుక్కుంటాయి. అందుకే ధారాళంగా పారుతూ, త్వరగా ఆరుతూ, అంచులు చెదరకుండా, నీటికి చెక్కుచెదరకుండా ఉండి, పైగా సులభంగా కడుక్కోగల సిరా కోసం వెతికేవారికి అది దొరకదు. పార్కర్ కంపెనీ త్వరగా ఆరడమే ప్రధానంగా 1931లో క్వింక్ సిరాను తెచ్చింది. తరువాత 1941లో ‘51’ పెన్నుతో పాటు మరింత త్వరగా ఆరే సిరాను తెచ్చినప్పుడు, దానిని ఆ పెన్నులో తప్ప వాడవద్దని బుడ్డి మీదే హెచ్చరించవలసి వచ్చింది. ఒక గుణం కోసం మరొకటి వదులుకోక తప్పదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

పారుదలను చూడటానికి ఆపకుండా ఒక పూర్తి పేజీ రాయండి. మొదటి వరుసనూ చివరి వరుసనూ పక్కపక్కన చూస్తే, చివరికి వచ్చేసరికి గీత లేతబడిందంటే నాలుకకు సిరా సరిగా అందడం లేదన్నమాట. తెలుగు రాతలో తలకట్టును విడిగా పెట్టే అలవాటున్నవారు పాళీని ఎన్నోసార్లు ఎత్తి దించుతారు; దించిన ప్రతిసారీ మొదటి స్పర్శలోనే సిరా పడాలి. తలకట్లు కొన్ని చోట్ల సగమే పడుతుంటే పొడి సిరా లక్షణమని అనుమానించవచ్చు. అలాగే అక్షరమాల మొత్తం రాసి, ‘ఘ’, ‘ఝ’, ‘ఋ’ వంటి అక్షరాల లోపలి ఖాళీలను గమనించాలి. ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’ వంటి మాటలలో కింది ఒత్తులు విడివిడిగా నిలిచాయా, కలిసి ముద్దయ్యాయా చూడాలి. గీతలు పాకే గుణాన్ని కొలవడానికి మన లిపి చేసే సాయం మరే పరీక్షా చేయదని నా నమ్మకం.

తరువాత కాగితాన్ని తిప్పి చూడండి. అవతలి పక్క రాత నీడగా కనబడటం చాలావరకు కాగితం పలచదనం వల్ల. సిరా చుక్కలు చుక్కలుగా అవతలికి దిగిపోవడం మాత్రం సిరా, పాళీ, కాగితం ముగ్గురి ఉమ్మడి పని. పాత సిరా దిగని కాగితం మీద కొత్తది దిగితే, అప్పుడు సిరాను అనవచ్చు.

ఆరే సమయం కొలవడానికి ఒకే రకం గీతలను ఐదు సెకన్ల ఎడంతో రాసుకుంటూ వెళ్లి, చివరలో అన్నిటి మీదుగా ఒకేసారి వేలితో రుద్దాలి. ఏ గీత చెదరకుండా నిలిచిందో అక్కడికి లెక్క తేలుతుంది. రాసిన గీతల మీదుగా చేయి జరిగే ఎడమచేతి వాటం వారికి ఈ ఒక్క అంకె మిగతా గుణాలన్నిటికంటే ముఖ్యం కావచ్చు.

పెన్నులో సిరా ఎండిపోయే గుణాన్ని రెండు విధాలుగా చూడాలి. మూత తీసి ఒక నిమిషం, మూడు నిమిషాలు, ఐదు నిమిషాలు ఉంచి రాయడం ఒకటి. మూత పెట్టి పాళీ పైకి ఉండేలా ఒక రోజు, ఒక వారం ఉంచి రాయడం రెండవది. రెండవ దానిలో మూత బిగువుకు చాలా పాత్ర ఉంది కాబట్టి, పాత సిరాతో అదే పెన్ను ఎలా ప్రవర్తించిందో తెలిసి ఉంటేనే ఫలితానికి విలువ.

నీటి పరీక్షను రాసి ఒక రోజు గడిచాకే చేయాలి. గీతల మీద ఒక నీటి చుక్క వేసి నిమిషం ఆగి, రుద్దకుండా అద్ది తీయండి. మరో ముక్కను అరగంట నీటిలో నానబెట్టండి. రంగు కొంత పోయినా రాత చదవగలిగితే మామూలు అవసరాలకు చాలు. సాధారణ అద్దకపు సిరాలు ఈ పరీక్షలో ఓడిపోవడం వాటి లోపం కాదు. అవి నీటిలో కరిగేలా చేసినవే, కడగడం సులభం కావడానికి కారణం కూడా అదే. శాశ్వతంగా ఉండవలసిన రాతకు ఐరన్ గాల్ సిరానో, ప్లాటినమ్ కార్బన్ బ్లాక్, సెయిలర్ కివాగురో వంటి సన్నని రేణువుల సిరానో ఎంచుకోవాలి. మొదటి రకం ఆమ్ల గుణం కలది, రెండవది నాలుకలో ఎండిందంటే వదిలించడం కష్టం. కనుక రెంటినీ పెన్నులో వారాల తరబడి మరచిపోకూడదు. లక్క కలిసిన చిత్రకళ సిరాలను మాత్రం ఎంత నల్లగా ఊరించినా ఫౌంటెన్ పెన్నులో ఎన్నడూ పోయవద్దు. అవి నాలుకను శాశ్వతంగా మూసివేస్తాయి.

ఎండకు తట్టుకునే గుణం చాలామంది వదిలేసే పరీక్ష. నేనూ వదిలేశాను. పూత చూసి ముచ్చటపడిన ఒక ఊదా సిరాతో ఒక నోటుబుక్కు సగం దాకా రాసి, కిటికీ పక్క బల్ల మీద తెరిచి ఉంచేదాన్ని. కొన్ని నెలలకు తెరిచి ఉన్న పేజీలు లేత గులాబీ గీతలుగా మిగిలాయి. మూసి ఉన్న పేజీలు మాత్రం మొదటి రోజులాగే ఉన్నాయి. ఆ పేజీలను మళ్లీ రాసుకోవడానికి నాకు జ్ఞాపకం తప్ప ఆధారం లేకపోయింది. అప్పటినుంచి ప్రతి కొత్త సిరా రాతనూ సగం అల్యూమినియం రేకుతో కప్పి, ఎండ తగిలే కిటికీకి నాలుగు వారాలు అంటిస్తున్నాను. పక్కనే పాత సిరా రాత కూడా ఉండాలి. ఊదా, గులాబీ రంగుల విషయంలో ఈ పరీక్ష చేయకుండా దాచుకోవలసిన రాత రాయవద్దని గట్టిగా చెబుతాను.

చివరగా కడగడం. కన్వర్టర్‌తో నీటిని ఎన్నిసార్లు లాగి వదిలితే తేటగా వస్తుందో లెక్కపెట్టి రాసుకోండి. ఆ సంఖ్య పాత సిరా కంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉంటే ఆ సిరాను తేలికగా విప్పలేని పెన్నులకు దూరంగా ఉంచడం మంచిది.

విలువను లెక్కించడం

బుడ్డి ధరను బుడ్డి ధరతో పోల్చడం తప్పు, ఎందుకంటే బుడ్డీలు ఒకే కొలతవి కావు. డయామైన్ 30, 80 మిల్లీలీటర్లలో వస్తుంది. పెలికాన్ 4001 వరుసలో 30, 62.5 మిల్లీలీటర్లు ఉన్నాయి. ఇరోషిజుకు పెద్ద బుడ్డి, లామీ బుడ్డి 50 మిల్లీలీటర్లవి. ముందు మిల్లీలీటరు ధర కట్టుకోవాలి. కార్ట్రిడ్జ్‌లకు (ముందే సిరా నింపి అమ్మే గొట్టాలకు) కూడా ఇదే లెక్క కడితే, సామాన్యంగా అదే సిరా బుడ్డిలో కంటే కార్ట్రిడ్జ్‌లో ఖరీదుగా తేలుతుంది.

అయితే మిల్లీలీటరు ధర కూడా సగం నిజమే. తడిగా పారే సిరా అదే పేజీకి ఎక్కువ ఖర్చవుతుంది. దీన్ని కొలవవచ్చు: గ్రాములో వందో వంతు చూపే చిన్న తక్కెడ మీద నింపిన పెన్నును తూచి, పది పేజీలు రాసి, వెంటనే మళ్లీ తూచండి. సిరాలో అత్యధిక భాగం నీరే కనుక తగ్గిన ప్రతి గ్రామునూ ఇంచుమించు ఒక మిల్లీలీటరుగా లెక్కించవచ్చు. అలా పేజీకి అయ్యే ఖర్చు వస్తుంది, చౌక అనుకున్నది చౌక కాదని ఒక్కోసారి తేలుతుంది.

ఇంకొక లెక్క ఉంది, అది నాకు అన్నిటికంటే ముఖ్యం. 80 మిల్లీలీటర్ల బుడ్డి, 0.8 మిల్లీలీటర్లు పట్టే కన్వర్టర్‌ను నూరుసార్లు నింపుతుంది. ఒక నింపుడు రెండు వారాలు వస్తే, ఆ ఒక్క రంగుతోనే దాదాపు నాలుగేళ్లు రాయాలి. అంతకాలం ఆ రంగును మీరు కోరుకుంటారా? రోజూ వాడే నీలం, నలుపుల విషయంలో అవునని చెప్పగలిగేవారు పెద్ద బుడ్డి కొనడం లాభమే. పండుగ రంగులాంటి నారింజను, తళుకు సిరాను పెద్ద బుడ్డిలో కొంటే ఎక్కువభాగం అలమరలోనే మిగిలిపోతుంది. అక్కడ మిల్లీలీటరు ధర ఎక్కువైనా చిన్న బుడ్డే నిజానికి చౌక. రెండు మూడు మిల్లీలీటర్ల నమూనా దొరికితే అది మరింత మేలు, పైన చెప్పిన పరీక్షలన్నిటికీ అంత సరిపోతుంది.

బుడ్డి ఆకారం కూడా విలువలో భాగమే. మూతి సన్నగా, అడుగు వెడల్పుగా ఉన్న బుడ్డిలో చివర మిగిలిన సిరా పాళీకి సరిగా అందదు. అడుగున గుంట ఉన్న బుడ్డిలో చివరి చుక్క దాకా అందుతుంది. అందని సిరాను సిరంజితో తీసి నేరుగా కన్వర్టర్‌లో నింపుకోవచ్చు.

తెరిచిన తేదీని బుడ్డి అడుగున రాసి పెట్టండి. పెన్నును కడగకుండా బుడ్డిలో ముంచవద్దు, నింపగా మిగిలిన సిరాను తిరిగి అందులో పోయవద్దు. బయటి మలినం, మరో సిరా శేషం చేరితే బూజు పట్టవచ్చు, మడ్డి దిగవచ్చు. నింపే ముందు ప్రతిసారీ వెలుతురుకు ఎత్తి చూసి, మూత తీసి వాసన చూడండి. పైన తెట్టుగాని, దారాల్లాంటి పోగులుగాని, అంతకుముందు లేని ముక్కవాసనగాని ఉంటే ఆ సిరా ఎంత ప్రియమైనదైనా వడకట్టి వాడే ప్రయత్నం చేయకుండా పారబోసి, దానితో నింపిన పెన్నులన్నిటినీ అదే రోజు కడగాలి.